జానెడు లోతు

నాలుగున్నర జానల ఇనుప కడ్డీ.
మూతి దిక్కు జానెడే తొలిచిన.
మిగతాదంతా గట్టి.
"ఇంతకన్న లోపలికి పోవద్దు యాదన్నా"
అన్నది తహసీన్ టీచర్.
పిల్లలు చూస్తె తుపాకి అనిపించాలె,
పోలీసోళ్లు చూస్తె కడ్డీ అనిపించాలె.

ముప్పై ఏండ్లు బాలానగర్ల లేతు తిప్పిన.
బోరు కొట్టమన్నోళ్లే అందరు.
కొట్టొద్దని పైసలిచ్చింది ఈమె ఒక్కతే.

కట్టె పెంటాచారి తెచ్చిండు,
జుమ్మేరాత్ బజార్ల,
కూలగొట్టిన దేవిడీ దర్వాజ చౌకట్టు.
జిట్రేగి.
గడియ దిగిన బొక్కలు రెండు అట్లనే ఉన్నయి.
పూడుస్తనన్నడు. వద్దన్న.
ఆరు దినాలు రందా పట్టిండు.
ఏడోనాడు అవిసె నూనె పూస్తుంటె
రేకుల షెడ్డంత
ఎవరింటిదో చల్లటి వాసన.

ఇత్తడి బేగంబజార్ల తూకానికి దొరికింది.
రెండు గ్లాసులు, మూతి సొట్టవోయిన చెంబు.
చెంబు అంచుకు నర్సుబాయి అని పేరు చెక్కి ఉండె.
మూసల ఏసేముందు
ఒకసారి పైకే చదివిన.
ఎందుకో తెల్వదు, చదవాలనిపించింది.

ఠాణాల ఎస్సై తిప్పి తిప్పి చూసిండు.
"పేల్తదా?"
"పేలది సార్."
మూతిల చిటికెన వేలు పెట్టిండు. గోడ తగిలింది.
మీట నొక్కితె చెకుముకి రాయి కొట్టుకొని
నాలుగు నిప్పురవ్వలు
ఆయన రిజిస్టర్ మీదనే రాలినయి.
దులుపుకొని రాసిండు:
బొమ్మ, ఒకటి.

ఎనిమిది నెలల పని.
బొమ్మ, ఒకటి.
పెంటాచారి బయటికొచ్చి చాయ్ తాగుకుంట
"బొమ్మయితెనే నయం గదా" అన్నడు.

కోఠి రెసిడెన్సీ మెట్ల మీద
సర్కారు బడి పిల్లలు నలబై మంది.
అందరికి గేటు పగలగొట్టి ఉరికేటోళ్ల వేషమే కావాలె.
ఎర్రకోటు ఎవ్వనికీ వద్దు.
చీటీలేస్తె లోహిత్‌కు వచ్చింది.
"నేను తెల్లోళ్ల దిక్కు ఉండ"
అని మొఖం మాడ్చుకున్నడు.

టీచర్ మెట్టు మీద కూసోని చెప్పింది,
ఆ కోటు తొడుక్కున్నోళ్లంత తెల్లోళ్లు కాదని,
మన భాష మాట్లాడేటోళ్లు మస్తుమంది ఉండెనని,
ఉత్తరాదిల సిపాయి కనవడితె
"తిలంగా" అని పిలిచేటోళ్లని.
"అంటె మన పేరా?"
"మన పేరే."
జరసేపు ఎవ్వరు సప్పుడు చెయ్యలే.
ఎనుక నుంచి ఎవడో మెల్లగ అడిగిండు:
"జీతమెంత?"
నెలకు ఏడు రూపాయలు.
తిండి ఖర్చు అండ్లనే.

అప్పుడు చేతులు చాపిండు లోహిత్.
ఇయ్యంగనే మోచేతులు కిందికి దిగినయి.
"మా తమ్మునంత బరువుంది."
ఎత్తి గురి పెట్టిండు. దేని దిక్కో తెల్వక
ఆకాశం దిక్కు పెట్టిండు.
టిక్కున రవ్వలు.
సప్పుడు మాత్రం పిల్లలే చేసిన్రు,
నలబై నోర్లతోటి, ఠాం అని,
స్తంభాల మీది పావురాలన్ని లేచిపోయేటట్టు.

దించినంక తిరగేసిండు.
కంపెనీ ముద్ర ఉండాల్సిన జాగ నేను ఖాళీగ ఇడిసిన.
అసలుదని చెప్పి రేపు ఎవడు అమ్ముకోకుండ
అడుగు రేకు మీద మాత్రం
సన్న అక్షరాలు కొట్టిన. అయి వాని కంట్ల పడ్డయి.
"బాలానగర్! మా నాయిన ఆడ్నే చేస్తడు!"
కోటు సంగతే మర్సిపోయిండు.

అప్పట్ల తుపాకి సముద్రం అవుతలిది,
పట్టిన చెయ్యి ఇక్కడిది.
ఇయ్యాల రెండూ ఇక్కడియే.
గర్వపడాల్నా ఏందో అర్థం గాలే.
ఊకనే నిలవడ్డ.

సాయంత్రం తుడిచి సంచిల పెడుతుంటె
ఇత్తడి మీద చిన్న అరచెయ్యి చెమట.
వారం ఆగితె పచ్చవడతదని తెలుసు.
అంతవరకు తుడిచి, అక్కడ ఆపిన.

బస్సుల ఉండంగ పెంటాచారి ఫోను.
టీచర్ ఇంకోటి అడుగుతున్నదట,
అవుతలి దిక్కోళ్లది, తోడేదార్.
జుమ్మేరాత్ బజార్ల ఇంకో చౌకట్టు చూసిండట,
తీస్కోమంటవా అంటడు.

తీస్కో అన్న.
బొక్కలుంటె పూడ్వకు.